తాళాల గుత్తి, సూర్యకాంతం, మా అత్తగారు

పోయిన నెలలో మా అబ్బాయి పెళ్ళి చేశాం. కొత్త కోడలు కుడికాలు గడపలో పెట్టిందో లేదో, వెనకనుంచి మా ఆడపడుచు "జాగ్రత్తమ్మాయ్, లోపల సూర్యకాంతం ఉంది!" అంది. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజంగానే సూర్యకాంతాన్ని అయిపోతానుగా!

మా కోడలు హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. మర్నాడు నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "సూర్యకాంతం అంటే ఎవరు అత్తయ్యా?" అని అడిగింది. "సినిమాల్లో గయ్యాళి అత్త వేషాలు వేసేవారమ్మా" అని చెప్పి ఊరుకున్నాను. చెప్పాక నాకే బాగా అనిపించలేదు. నలభై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషిని ఒక్క ముక్కలో తేల్చేశాను. పైగా ఆవిడ మనకి పరాయి ఊరి మనిషి కూడా కాదు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన రాకముందు మనవాళ్ళు పంటు మీద గౌతమి దాటి కాకినాడ వెళ్ళేవారు చూడండి, ఆ కాకినాడ దగ్గరి మనిషే.

ఆ పిల్లకి సరిగ్గా చెబుదామని కూర్చుంటే ఇంత పొడుగు వచ్చింది. మధ్యలో మా అత్తగారు కూడా వచ్చేశారు. ఆవిణ్ణి పక్కనపెట్టి సూర్యకాంతం గారి గురించి చెప్పడం నావల్ల కాలేదు.

సూర్యకాంతం గారు 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. ఇంటిపేరు పొన్నాడ. తల్లిదండ్రులకు పద్నాలుగో సంతానం అంటారు. పద్నాలుగు కాన్పులు! మన నాయనమ్మల కాలంలో అది పెద్ద వింతేమీ కాదు గానీ, ఎన్ని కాన్పులు చెబుతారో అంతమంది పిల్లలు మిగిలిన ఇల్లు మాత్రం నాకు కనపడలేదు. వాళ్ళింట్లోనూ బతికి బట్టకట్టినవాళ్ళు కొద్దిమందే. చిన్నతనంలోనే పాట, నాట్యం నేర్చుకున్నారు. తండ్రి తొందరగానే పోయారు. కాకినాడ గోడల మీద అంటించిన హిందీ సినిమా పోస్టర్లు చూసి ఆ పిల్లకి సినిమాల మీద మనసు పోయిందట. తల్లిని వెంటబెట్టుకుని మద్రాసు వెళ్ళిపోయారు.

ఈ వాక్యం రాయడం తేలికే. మగదిక్కు లేని ఒక తల్లి, పెళ్ళికాని కూతురు, 1940ల్లో, సినిమాల కోసం మద్రాసు రైలెక్కడం! ఊళ్ళో ఎన్ని నోళ్ళు ఎన్ని మాటలు అని ఉంటాయో మీరూ నేనూ ఊహించుకోవచ్చు. డెబ్భైల్లో మా ఊరి నుంచి ఒకమ్మాయి రాజమండ్రి వెళ్ళి హాస్టల్లో ఉండి చదువుకుంటానంటేనే వీధి అరుగుల మీద నెల్లాళ్ళు పంచాయితీ నడిచింది.

మద్రాసులో జెమినీ స్టూడియోలో చేరారు. జీతం నెలకు 75 రూపాయలని ఆవిడ గురించి రాసినవాళ్ళు చెబుతారు. 1948లో వచ్చిన ‘చంద్రలేఖ’ డ్రమ్ముల డాన్సు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ సినిమాకి నాట్యం చేసేవాళ్ళ గుంపులో ఆవిడా ఒకరు. అంతకుముందే 1946లో ‘నారద నారది’లో చిన్న వేషం వేశారు. 1949లో ‘ధర్మాంగద’లో వేసిన వేషం ఏమిటో చెబితే నవ్వొస్తుంది, మూగ వేషం! తరవాత తెలుగుదేశం మొత్తాన్నీ నోటితో ఏలిన మనిషి చేత మొదట్లో మాట లేకుండా నటింపజేశారన్నమాట.

ఆవిడకి హీరోయిన్ కావాలని ఉండేది. ఉండదా మరి? ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఆటా పాటా వచ్చు. ‘సౌదామిని’లో హీరోయిన్ వేషం చేతిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కారు ప్రమాదం జరిగి ముఖానికి దెబ్బలు తగిలాయి. వేషం పోయింది. ఆ తరవాత వచ్చిందే ‘సంసారం’. ఎల్వీ ప్రసాద్ గారి సినిమా, 1950 డిసెంబరులో విడుదలైంది. అందులో ఆవిడది గయ్యాళి అత్త వేషం.

మీరు ఆ సినిమా ఎప్పుడైనా చూస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకుని చూడండి. హీరోలు రామారావు గారు, నాగేశ్వరరావు గారు. రామారావు గారు ఆవిడకంటే ఏడాదిన్నర పెద్ద. నాగేశ్వరరావు గారు నెల రోజులు పెద్ద. వాళ్ళు కుర్ర హీరోలు, ఈవిడ ముసలి అత్త! ఏడేళ్ళ తరవాత ‘మాయాబజార్’లో హిడింబిగా వేశారు. కొడుకు ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారు. 1957లో ఆ సినిమా వచ్చేనాటికి కొడుక్కి 38, తల్లికి 32. మేం చిన్నప్పుడు ఆ సినిమా చూసి ఆ ఇద్దరూ తల్లీ కొడుకులని ఎంత గట్టిగా నమ్మామో!

మగవాడు యాభై దాటినా కాలేజీ పుస్తకాలు పట్టుకుని తిరిగాడు మన సినిమాల్లో. ఆడదానికి ఇరవయ్యారేళ్ళకే నెరిసిన విగ్గు పెట్టారు. సూర్యకాంతం గారు ఆ విగ్గు పట్టుకుని ఏడుస్తూ కూర్చోలేదు. దాన్నే తన బతుకుతెరువు చేసుకుని, తన తరవాత ఆ వేషానికి ఇంకొకరి పేరు తలుచుకోవడానికి వీల్లేకుండా చేశారు. మొదట్లో ఒక హిందీ సినిమాలో అవకాశం వస్తే, తనకోసం వేరే నటిని తీసేశారని తెలిసి, ఒకరి ఉసురు పోసుకుని నాకీ వేషం వద్దని వదులుకున్నారని కూడా చెప్పుకుంటారు.

పెళ్ళి కూడా ఆ రోజుల్లోనే అయింది. భర్త పెద్దిభొట్ల వెంకటచలపతిరావు గారు, న్యాయశాస్త్రం చదివినాయన. పిల్లలు లేరు, అక్కగారి అబ్బాయిని పెంచుకున్నారు. 1978లో భర్త పోయారు. ఆ తరవాత కూడా నటిస్తూనే ఉన్నారు.

ఇక నటన సంగతి. ఆవిడది ఎడమచేతి వాటం. ఎదటివాళ్ళని కడిగేసేటప్పుడు ఎడం చెయ్యి గాల్లోకి లేస్తుంది. మన ఇళ్ళల్లో ఎడం చేత్తో ఏదైనా ఇస్తే "ఏవిటా చెయ్యి?" అని కసురుతారు కదా. తెర మీద అదే చెయ్యి ముందుకొచ్చేసరికి, ఇక ఈవిడ దేనికీ జంకదని చూసేవాళ్ళకి వెంటనే తెలిసిపోయేది. కొంగు బిగించడం, మూతి విరవడం, తిట్టాల్సిన మనిషిని వదిలేసి పక్కనున్న గిన్నెని తిట్టడం, ఇవన్నీ ఎవరో నేర్పితే వచ్చేవి కాదు. నాకైతే నీళ్ళరేవుల దగ్గరా, పెళ్ళి వంటల దగ్గరా చూసిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుర్తొస్తారు. గోదావరి జిల్లాల ఆడవాళ్ళ గొంతు ఎంత వెటకారంగా ఎగిరి ఎంత మెత్తగా దిగుతుందో ఆవిడకి పుట్టుకతో తెలుసు.

ఎప్పుడూ అత్తే వేశారనుకోవడం కూడా సరికాదు. 1957లో వచ్చిన ‘తోడికోడళ్ళు’ చూడండి. శరత్ బాబు కథ ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు గారు తీశారు. ఉమ్మడి కుటుంబం. కన్నాంబ గారు పెద్ద కోడలు, సావిత్రి చిన్న కోడలు. మధ్యలో అనసూయ, అంటే మన సూర్యకాంతం గారు, రేలంగి గారి భార్య. ఇల్లు చీలడానికి కారణం ఆవిడే. సినిమా చూసినంతసేపూ ఆవిడ మీద పళ్ళు నూరుతాం. కానీ ఆవిడ కోరేది ఏమిటి? నా మొగుడి వాటా నాకు లెక్క తేల్చమని. ఉమ్మడి కుటుంబంలో ఎవరు ఎంత తెస్తున్నారు, ఎవరు ఎంత తింటున్నారు అన్న లెక్క మగవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటే వ్యవహారం. ఆడది వంటింట్లోంచి అడిగితే కొంప కూల్చడం. ఆవిడ చేసే కుట్రల్ని నేను సమర్థించడం లేదండోయ్. ఆ ఒక్క ప్రశ్న మాత్రం నాకు తప్పుగా తోచదు.

‘గుండమ్మ కథ’ దగ్గరికి వస్తాను. అసలు నేను రాయాలనుకున్నది ఇదే. 1962 జూన్ 7న విడుదలైంది. విజయా వారి సినిమా, కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం, డీవీ నరసరాజు గారి మాటలు. రామారావు గారికి నూరో సినిమా, నాగేశ్వరరావు గారికి తొంభైతొమ్మిదోది. ఇంకా సావిత్రి, జమున, రంగారావు గారు, రమణారెడ్డి గారు. ఇంతమంది మహామహులు పెట్టుకుని సినిమా పేరు మాత్రం గుండమ్మది! కన్నడంలో విఠలాచార్య గారు తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మూలం. గుండమ్మ అన్న పేరు కూడా అక్కడిదే, మనవైపు ఆ పేరు పెట్టుకునే అలవాటు లేదు. అల్లుడు వేషం వేసిన రామారావు గారికి అప్పటికి 39 నిండాయి, అత్త వేషం వేసిన ఈవిడకి 37.

కథ మీకు తెలిసిందే. గుండమ్మ భర్త పోయిన మనిషి, ఆస్తి ఉంది. సవతి కూతురు లక్ష్మి, అంటే సావిత్రి, ఆ ఇంట్లో పనిమనిషి కంటే కనాకష్టంగా బతుకుతూ ఉంటుంది. సొంత కూతురు సరోజ గారాబం ఒలకబోసుకుంటూ ఉంటుంది. రంగారావు గారి ఇద్దరు కొడుకులూ మారు పేర్లతో వచ్చి, చెల్లెల్ని ఒకరు, అక్కని ఒకరు పెళ్ళి చేసుకుని అందరికీ బుద్ధి చెబుతారు. నిక్కరు వేసుకుని రామారావు గారు రుబ్బురోలు దగ్గర కూర్చున్న సీను చూసి నవ్వని తెలుగువాళ్ళు ఉండరు.

మా పెళ్ళయిన కొత్తలో, 1980ల చివర్లో, కొత్తపేట దగ్గర మా అత్తవారి ఊళ్ళో రెండు మూడు ఇళ్ళల్లోనే టీవీ ఉండేది. అందులో ఒకటి మాది. దూరదర్శన్‌లో ‘గుండమ్మ కథ’ వేస్తారని తెలిసి వీధి వీధంతా మా హాల్లోకి వచ్చేశారు. ముందు వరసలో చాప మీద మా అత్తగారు.

మా అత్తగారి గురించి కాస్త చెప్పాలి. పదమూడో ఏట కాపరానికి వచ్చారు. నేను కాపరానికి వచ్చేనాటికి ఆవిడ బొడ్లో ఎప్పుడూ తాళాల గుత్తి ఉండేది. కాఫీ పొడి, పంచదార, నెయ్యి, ఆవకాయ జాడీలు, అన్నీ తాళంలోనే. పొద్దున్నే నాకు కాఫీ పొడి కొలిచి గిన్నెలో పోసేవారు, అంతే. అది అయిపోతే మళ్ళీ అడగాలి. మా పుట్టింట్లో డబ్బాలకి మూతలే సరిగ్గా ఉండేవి కావు. నాకు ఆ తాళాల చప్పుడు వింటేనే ఒళ్ళు మండేది. మా అమ్మకి ఉత్తరం రాస్తూ "మా ఇంట్లో సూర్యకాంతం" అని రాశాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

ఆ రోజు సినిమాకి అందరికంటే ఎక్కువ నవ్వింది మా అత్తగారే. గుండమ్మ సవతి కూతుర్ని అరిచినప్పుడల్లా నావైపు తిరిగి "ఏమే అమ్మాయ్, నేనూ అంతేనా?" అంటూ పగలబడి నవ్వేవారు. నేనేమంటాను? నవ్వేదాన్ని. సినిమా చివరికొచ్చింది. గుండమ్మ కొడుకు హరనాథ్ భార్యని తెచ్చుకుంటాడు. ఆ పిల్ల తరఫున దుర్గమ్మ దిగుతుంది, ఛాయాదేవి గారు. ఇక ఇంటి పెత్తనం దుర్గమ్మది. గుండమ్మ నోరు పడిపోతుంది. తన ఇంట్లో తనే తిండికి మొహం వాచి, గదిలో పడి ఉంటుంది. హాల్లో ఉన్నవాళ్ళంతా "బాగా అయింది, బాగా అయింది" అంటూ చప్పట్లు కొట్టారు.

మా అత్తగారు లేచి, "పాలు తోడెయ్యాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

పాలు అరగంట కిందట నేనే తోడు వేశాను. ఆవిడ చూస్తూ ఉండగానే వేశాను. కాసేపటికి నేను లోపలికి వెళ్తే, చీకట్లో గట్టు మీద ఊరికే కూర్చుని ఉన్నారు. లైటు వెయ్యబోతే వద్దన్నారు. "అయిపోయిందా?" అన్నారు. "అయిపోవచ్చిందండి, లక్ష్మి వచ్చి విడిపించింది" అన్నాను. "ఆఁ, సినిమా గనక వచ్చింది" అన్నారు.

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. పదేళ్ళ పైన పట్టింది.

కోనసీమలో కొబ్బరి తోట ఉన్న ఇల్లంటే చూసేవాళ్ళకి కలవారి కింద లెక్క. దింపు తీసిన ప్రతిసారీ కాయలు అంబాజీపేట వెళ్ళేవి, డబ్బులు మా మామగారి చేతికి వచ్చేవి. ధాన్యం డబ్బులూ అంతే. ఆవిడ పొద్దున్న నాలుగింటికి లేచి ఆ ఇంటిని నడిపినా, ఆవిడ చేతిలోకి వచ్చే డబ్బు ఒక్కటే. రాలిపడిన కొబ్బరి మట్టల ఈనెలు గీకి చీపుళ్ళు కట్టించి అమ్మితే వచ్చేది. ఆవిడ పోయాక ట్రంకు పెట్టెలో ఒక నోటు పుస్తకం దొరికింది. సగం మా ఆయన లెక్కల పుస్తకం, మిగిలిన తెల్లకాగితాల మీద ఆవిడ పద్దులు. ఇన్ని చీపుళ్ళు, ఇన్ని రూపాయలు. ఖర్చుల వైపు, పుష్కరాలకి, కూతురికి గాజులు, గుళ్ళో దీపం. ఒక చోట "అమ్మాయికి జాకెట్టు గుడ్డ" అని ఉంది. నా పేరు రాయలేదు గానీ ఆ నెల చూస్తే తెలిసిపోయింది. నేను కాపరానికి వచ్చిన మొదటి సంక్రాంతికి ఆవిడ పెట్టిన పచ్చ పట్టు జాకెట్టు గుడ్డ అది. మామగారు డబ్బిస్తే కొన్నారనుకున్నాను అన్నాళ్ళూ.

ఆ తాళాలు తప్ప ఆవిడకి ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొలం మామగారి పేరున, ఇల్లు ఆయన తండ్రి పేరున. కాఫీ పొడి ఎంత పోయాలన్నది ఒక్కటే ఆవిడ మాట మీద నడిచే వ్యవహారం. దాన్ని కూడా వదులుకోమంటే ఎలా వదులుకుంటారు?

మన పెద్దవాళ్ళ తాళాల గుత్తుల వెనక చట్టం కథ కూడా కొంత ఉంది. భర్త పోయిన ఆడదానికి పాతరోజుల్లో తిండీ బట్టా, మనోవర్తీ తప్ప ఆస్తిలో చెప్పుకోదగ్గ హక్కు లేదు. 1937లో వచ్చిన చట్టం భర్త వాటా మీద కొంత హక్కు ఇచ్చింది గానీ అది బతికున్నంతకాలం అనుభవించడానికే, తనిష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాకే ఆడదాని ఆస్తి పూర్తిగా ఆవిడ సొంతం అయింది. గుండమ్మ తెరమీదకి వచ్చింది ఆ తరవాత ఆరేళ్ళకే. భర్త పోయినా ఆస్తిని గుప్పిట్లో పెట్టుకుని, అప్పులూ ఆరళ్ళూ తనే చూసుకునే ఆడది అప్పటివాళ్ళ కళ్ళకి కొత్త. కొత్తది కాబట్టి భయం, భయం కాబట్టి నవ్వు. సినిమా తీసినవాళ్ళు చట్టం సంగతి మనసులో పెట్టుకుని తీశారని నేను అనను. చూసేవాళ్ళం మనం అంతగా ఎందుకు నవ్వాం అన్నదే నా అనుమానం.

ఇందులో ఒక తమాషా ఉంది. గుండమ్మ ఇంట్లో నిక్కరు వేసుకుని పప్పు రుబ్బిన ఆ అంజి, అదే రామారావు గారు, తరవాత ముఖ్యమంత్రి అయ్యారు కదా. ఆయన ప్రభుత్వమే ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. దేశం మొత్తానికి అది రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, అంటే 2005 దాకా పట్టింది. కాకపోతే 1985కి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి రాష్ట్ర చట్టం వర్తించలేదు. మా ఆడపడుచు పెళ్ళి 1984లో అయింది. ఏడాది తేడాలో పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు, నేనూ ఇక్కడితో ఆపేస్తాను.

తెర వెనక సూర్యకాంతం గారి సంగతులు వింటే మనసు కరుగుతుంది. షూటింగుకి ఇంటి దగ్గర నుంచి పులిహోరో, ఇంకోటో చేయించి తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారట. నాగయ్య గారిని తిట్టే సీను ఒకటి చేయాల్సి వచ్చి, అది అవగానే ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చారని చెబుతారు. తనకి రావలసిన డబ్బు దగ్గర మాత్రం మొహమాటపడేవారు కాదట. చేసిన పనికి కూలి అడగడం కూడా ఆవిడ గయ్యాళితనంలో కలిపేసి చెప్పుకున్నారు కొంతమంది. మగ నటులు అడిగితే దాన్ని ఏమంటారో మీరే ఆలోచించుకోండి.

గుమ్మడి వెంకటేశ్వరరావు గారు ఆవిడతో సరదాగా అనేవారట, ఎంతో చక్కని పేరుని ఇక ఎవరూ ఆడపిల్లలకి పెట్టుకోకుండా చేసేశారని. సరదాగా అన్నా అది నిజమే. సూర్యకాంతం అంటే ఎండ తగిలితే నిప్పు పుట్టించే మణి. ఆ పేరు మా అమ్మమ్మల తరంలో ఉంది, నా తరంలో వెతికినా కనపడదు. మా క్లాసులో సూర్యకుమారులు, సూర్యావతులు ఉన్నారు గానీ సూర్యకాంతం ఒక్కరూ లేరు. 2019లో నిహారిక కొణిదెల హీరోయిన్‌గా ‘సూర్యకాంతం’ అని సినిమా వచ్చింది. హీరోయిన్‌కి ఆ పేరు పెట్టడానికి మనవాళ్ళకి అన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం టీవీ సీరియళ్ళల్లో అత్తలు వస్తారు. పట్టుచీర, మెడనిండా నగలు, కనుబొమ విరుపు, వెనక ఢమఢమ వాయింపు. పాలల్లో విషం కలిపేవాళ్ళు, మనిషిని పెట్టి కోడల్ని ఎత్తుకుపోయేవాళ్ళు. నేనూ చూస్తాను, అబద్ధం చెప్పడం ఎందుకు. కానీ వాళ్ళల్లో ఎవరూ బియ్యం చెరుగుతూ కనపడరు. పప్పు ఎసట్లో పోస్తూ తిట్టరు. సూర్యకాంతం గారు విషం కలిపే రకం కాదు. ఆవిడ దుర్మార్గం అంతా నెయ్యి తక్కువ వెయ్యడంలో, పని ఎక్కువ చెప్పడంలో, పుట్టింటివాళ్ళని ఒక మాట అనడంలో ఉండేది. మన ఇళ్ళల్లో కోడళ్ళు పడిన బాధలు చాలామటుకు అలాంటివే. అందుకే ఆవిణ్ణి చూస్తే నవ్వుతో పాటు గుండెల్లో ఎక్కడో కలుక్కుమనేది. ఆవిడ వల్ల బాధపడిన కోడళ్ళూ ఉన్నారు, ఆవిడలాగే బతికిన అత్తలూ ఉన్నారు, చాలా ఇళ్ళల్లో ఆ ఇద్దరూ ఒక్క మనిషే, ఇరవై ఏళ్ళ ఎడంతో.

ఆవిడ 1994 డిసెంబరు 18న మద్రాసులో కన్నుమూశారు. చిరంజీవి గారి ‘ఎస్పీ పరశురామ్’ ఆ ఏడాదే వచ్చింది, అందులోనూ నటించారు. ఆవిడ పోవడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఊరంతా ఆ హడావిడిలోనే ఉంది. పేపర్లో ఫోటో చూపించి నేనే మా అత్తగారికి చెప్పాను. ఆవిడ అప్పుడు ఎండలో కూర్చుని వడియాలు పెడుతున్నారు. పేపరు తీసుకుని చాలాసేపు ఆ ఫోటో చూశారు. "పిల్లలు లేరటగదే" అన్నారు. పెంచుకున్నారండి అన్నాను. "ఎవరికి పెట్టిందో ఏవిటో మరి తాళాలు" అని, మళ్ళీ వడియాల పిండిలో చెయ్యి పెట్టారు.

మా అత్తగారు ఆ గుత్తి నాకు ఎప్పుడు ఇచ్చారో చెప్పమంటే సరిగ్గా చెప్పలేను. ఒకరోజు మోకాళ్ళ నొప్పితో లేవలేక, జాడీ తియ్యమని ఇచ్చారు. సాయంత్రం తిరిగి ఇవ్వబోతే "ఉండనీలే" అన్నారు. ఆ తరవాత నేను ఏది తీసినా ఆవిణ్ణి అడిగే తీసేదాన్ని. అడక్కపోతే ఊరుకునేవారు గానీ, అడిగితే మొహం వేరుగా ఉండేది. ఇప్పుడు ఆ గుత్తి ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. అందులో సగం తాళాలు ఏ పెట్టెవో నాకూ తెలీదు.

మా కోడలికి ఇవన్నీ ఒక్కరోజులో చెప్పలేదు. కొంచెం చెప్పాను, కొంచెం ఇక్కడ రాసుకున్నాను. "అయితే ఈ ఆదివారం గుండమ్మ కథ చూద్దామా అత్తయ్యా?" అంది. సరే, శనివారం రాత్రే మినప్పప్పు నానబొయ్యి, రుబ్బి ఉంచుకుని కూర్చుందాం అన్నాను. "గ్రైండర్ ఉందిగా?" అంది. ఉంది. కానీ రుబ్బేది మా వాడు.